సరంగుగారి పిలుపులు

మొన్న రాజోలు బస్టాండులో టీ తాగుతుంటే ఒకతను వచ్చి నమస్కారం పెట్టాడు. తెలిసిన ముఖమే, వెంటనే తట్టలేదు. "నేనండి మాస్టారూ, సరంగుగారి బావమరిదినండి," అన్నాడు. ఆ వెనకే, "బావగారు పోయేరండి. దినం కూడా అయిపోయింది. తమరికి కబురు చేద్దావంటే నెంబరు దొరకలేదండి," అని నొచ్చుకున్నాడు. నిద్రలో పోయారట, ఇంట్లోనే, తన మంచం మీదే. ఇంకేమైనా అడుగుదామనుకునేలోగా అతని బస్సు వచ్చేసింది. నేను ఇంకో టీ చెప్పి కూర్చున్నాను.

చావు కబురు వినగానే గుండె పట్టుకునే రకం కాదు నేను. మనిషి పోయాడంటే ముందు ఆ మనిషి చేసిన తిక్క పనులు గుర్తొస్తాయి నాకు. ఆయన విషయంలో వాటికి కొదవ లేదు.

సరంగు అంటే పడవ నడిపే మనిషి. మా వైపు లాంచీలు తిరిగిన రోజుల నుంచీ ఉన్న మాట. ఆయనకి పేరు లేకపోలేదు గానీ ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. వాళ్ళింట్లో ఆవిడ కూడా ఫోన్లో "సరంగుగారున్నారాండీ" అనే అడిగేది.

రావులపాలెంలో అరటిగెలల వ్యాపారం చేసే నా పాత శిష్యుడొకడు, గెలల మీద వచ్చింది గోదాట్లో పోద్దామనుకున్నాడో ఏమో, ఒక హౌస్‌బోటు కట్టించాడు. రెండు గదులు, వంటిల్లు, ముందు వరండా. వశిష్ఠ సముద్రంలో కలవబోయే ముందు పక్కకి చీలే ఒక పాయలోంచి మడ అడవిలోకి తీసుకెళ్ళి, అక్కడి జంతువుల్నీ పక్షుల్నీ చూపించి, మధ్యలో భోజనం పెట్టి, పొద్దుగూకేసరికి రేవులో దింపడం. అదీ ఏర్పాటు. నేనప్పటికి రిటైరై ఇంట్లో అందరి కాళ్ళకీ అడ్డం పడుతున్నాను. వచ్చినవాళ్ళకి ఇంగ్లీషులోనూ హిందీలోనూ నాలుగు ముక్కలు చెప్పడానికి నన్ను రమ్మన్నాడు. మా ఆవిడ నాకంటే ముందు ఒప్పుకుంది.

సరంగుగారు పొట్టి మనిషి. మెడలో మస్కట్ నుంచి తెచ్చుకున్న ఎర్రగళ్ళ తుండు ఉండేది. ముఖం తుడుచుకోవడానికీ అదే, ఇంజను తుడవడానికీ అదే. బోటు ఎక్కేవాళ్ళు కనబడగానే దాన్ని తీసి చేత్తో పట్టుకుని, కొంచెం వంగి, "రండి రండి, జాగ్రత్తండి, చెక్క తడిగా ఉందండి" అనేవారు. చెక్క ఎండిపోయి ఉన్న రోజు కూడా అదే మాట. వచ్చినవాళ్ళకి వీపు చూపించడం మర్యాద కాదని ఆయన పట్టుదల. అందుకని స్టీరింగు దగ్గర తిన్నగా ముందుకు తిరిగి నిలబడకుండా సగం వెనక్కి తిరిగి నిలబడేవారు. దాంతో బోటు ఎప్పుడూ ఎడమ పక్కకి లాగేసి, మడ కొమ్మల్ని రాసుకుంటూ పోయేది. ఆ పక్క రంగు ఎన్నిసార్లు వేయించినా నిలిచేది కాదు. "కాస్త ముందుకు చూసి నడపండి సరంగుగారూ," అంటే, "ఆయ్" అనేవారు. ఆయన ఆయ్‌లో సరేనన్నదీ కుదరదన్నదీ ఒకే గొంతులో ఉండేవి. ఏదో తేల్చుకోవడం నా తల ప్రాణం తోకకి తెచ్చేది.

ఆటు సమయంలో నీళ్ళు దిగి, పాయంతా బురదా వేళ్ళూ బయటపడి ఉంటే, తన ఇంట్లో కుళాయి రానట్టు సిగ్గుపడిపోయేవారు. "ఇవాళ ఆటండి. ఏవనుకోకండి. సాయంత్రానికి పోటొచ్చేస్తదండి," అని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెప్పేవారు. హైదరాబాదు వాళ్ళకి ఆటంటే ఏమిటో పోటంటే ఏమిటో తెలియదు. పర్వాలేదంకుల్ అనేవాళ్ళు. జంతువులు కనబడకపోతే మరీను. "ఊరెళ్ళేరేమోనండి," అనేవారు, గంభీరంగా. నక్కనైనా, బావురుపిల్లినైనా, చివరికి ఎండ్రకాయనైనా ఆయన 'అది' అనడం నేను వినలేదు. అన్నీ 'ఆళ్ళే'.

నిజానికి జంతువులు కనబడకపోవడానికి సగం కారణం మా బోటే. ఎక్కగానే కొబ్బరిబొండం. అది దిగకముందే పకోడీ. రొయ్యల వేపుడు, పీతల ఇగురు, ముద్దపప్పు, గడ్డ పెరుగు. ఎవరైనా చెయ్యి అడ్డం పెడితే సరంగుగారు ఇంజను ఆపేసి మరీ వచ్చి, "అలాక్కాదండి, మా మాట మన్నించి ఇంకో చెంచా," అని బతిమాలేవారు. అడవి లోపలికి వెళ్ళేసరికి దుర్భిణీలు మెళ్ళో వేసుకున్నవాళ్ళంతా గుర్రు పెట్టి నిద్ర. నేను గొంతు చించుకుని తెల్లమడకీ నల్లమడకీ తేడా చెబుతుంటే వినేది వంటవాడొక్కడే.

అలా ఒక సీజను గడిచింది. ఒకరోజు మా శిష్యుడు రేవుకి వచ్చాడు. ఫోనులో జనం రాసినవి నాకు చూపించాడు. భోజనం బ్రహ్మాండం, జంతువులు సున్నా. అందరిదీ ఇదే మాట.

"ఇలాగైతే ఎలాగండి మాస్టారూ. భోజనానికైతే రావులపాలెం హోటల్లోనే తింటారు కదండీ. ఈ ఏడు కూడా ఇంతే అయితే బోటు ఒడ్డున కట్టేసి పుట్టినరోజులకీ ఫంక్షన్లకీ ఇచ్చేస్తానండి. కట్టేసిన బోటుకి సరంగక్కర్లేదు కదా," అన్నాడు. వెనకాల సరంగుగారు ఉన్నారని చూసుకోలేదు పాపం.

"ఆయ్," అన్నారాయన.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి పోలేదు. రేవు మెట్ల మీద నా పక్కన, ఒక మెట్టు కింద కూర్చున్నారు. "నేను మళ్ళీ మస్కట్ వెళ్ళలేనండి," అన్నారు. అక్కడ ఆయన ఓడల దగ్గరికి కూలీల్ని చేరవేసే పడవ నడిపారు. జీతం బాగానే ఇచ్చారట, కొట్టలేదు, తిట్టలేదు. "మరేంటి బాధ?" అన్నాను. "అన్నేళ్ళలో నన్ను 'తిన్నావా' అని అడిగినోడు లేడండి మాస్టారూ. నేనడిగితే ఆళ్ళకి నవ్వొచ్చేదండి. పోనుపోనూ నేనూ అడగడం మానేసేనండి. మానేసేక నేను నేను కాదండి," అన్నారు. ఆయన తన గురించి నాతో అంత మాట్లాడడం అదే మొదలు, అదే ఆఖరు.

కాసేపటికి లేచి తుండు దులిపి, "అయినా తప్పు మనదేనండి. మనం పిలవకుండా ఆళ్ళెందుకొస్తారండి," అన్నారు.

మా కోనసీమలో పెళ్ళికి కార్డు పంపితే సరిపోదు. మనిషి గుమ్మం దగ్గరికి వెళ్ళి, బొట్టు పెట్టి, నోరారా పిలవాలి. పిలుపు లేకపోతే గోడవతల ఇంటివాళ్ళు కూడా రారు. పిలిచారంటే జ్వరంతో ఉన్నా వచ్చి ఇంత తిని పోతారు. ఆయన లోకజ్ఞానమంతా ఆ ఒక్క పద్ధతిలో ఉంది. దాన్ని తీసుకెళ్ళి మడ అడవిలో పెట్టారు.

పాయలో ఒకచోట పెద్ద మలుపు ఉంది. అక్కడ నీటికుక్కల గుంపు ఉండేది. పేరుకే కుక్కలు గానీ పొడుగాటి ఒళ్ళూ మీసాలూ ఉన్న నీటి జంతువులు, చేపలు పట్టుకుని బతుకుతాయి. మనిషి అలికిడైతే మునిగి ఎక్కడో తేలతాయి. మేమెన్నిసార్లు వెళ్ళినా బుడగలే తప్ప తల చూడలేదు. బోటు ఉన్న రోజుకి ముందు రోజు మధ్యాహ్నం సరంగుగారు చిన్న మోటారు పడవలో పరిగెల్లాంటి చిన్న చేపలూ చేప తలకాయలూ బుట్టెడు వేసుకుని ఆ మలుపుకి వెళ్ళడం మొదలుపెట్టారు. "పిలుపులకెళ్ళొస్తానండి," అని చెప్పి మరీ వెళ్ళేవారు. వేళాకోళం అనుకుని ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. మలుపు దగ్గర ఇంజను బాగా తగ్గించి, చేపలు గుప్పెడేసి నీళ్ళలో వదులుతూ, "రేపు భోజనాలు మా దగ్గరేనండి. హైదరాబాదు నుంచి చుట్టాలొస్తన్నారు. పిల్లల్ని కూడా తీసుకుని తప్పకుండా రావాలండి," అన్నారు నీళ్ళతో. ముఖంలో నవ్వు మచ్చుకైనా లేదు. నాకే ఏం చెయ్యాలో తెలియక చొక్కా గుండీలు సవరించుకున్నాను.

ఎన్నాళ్ళు పిలిచారో గానీ, వచ్చాయి. ఇంజను తగ్గిన చప్పుడు వినగానే మలుపు చాటు నుంచి తలలు లేచేవి. మొదట ఒక పెద్ద ఆడది, దాని వెనక పిల్లలు, ఆ వెనక మిగతావి. బోటు చుట్టూ తిరిగి, బోర్లా వెల్లకిలా దొర్లి, చేపని రెండు చేతులతో పట్టుకుని కరకరా నమిలేవి. ఒక పిల్ల బోటు పక్కన కట్టిన టైరు మీదకెక్కి వరండాలోకి తొంగిచూసేది. పడుకున్నవాళ్ళంతా లేచేవాళ్ళు. ఫోనుల్లో వీడియోలు, చప్పట్లు. మా శిష్యుడు స్వీటు పొట్లాలు పంపాడు. సరంగుగారు ఎప్పటిలా వంగి నిలబడి, "నిదానంగా తినండి, నిదానంగా," అనేవారు. అది బోటులో ఉన్నవాళ్ళతోనో నీళ్ళలో ఉన్నవాళ్ళతోనో చెప్పడం కష్టం. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను చూసింది ఆ కొద్ది నెలలే.

ఒక పొద్దున రేవులో ఆయన బావమరిది పడవ ఆగింది. అతనిది వల పని, అదే పాయలో. పడవలోంచి గోనెపట్టా కప్పిన దాన్ని ఎత్తి మెట్ల మీద పెట్టి, పట్టా తీశాడు. పెద్ద ఆడ నీటికుక్క. మెడకీ కాళ్ళకీ వల దారాలు చుట్టుకుని ఉన్నాయి.

"ఇంజను తగ్గించేనండి బావగారూ, వల తీద్దావని. పడవ పక్కకొచ్చి నా మొహంలోకి చూసిందండి. నన్ను చూసి మీరనుకున్నట్టుంది. నేనేం పెట్టలేదు. వల్లో చేపలున్నాయి కదా, వల్లోకెళ్ళింది. నేను లాగేసరికి ఊపిరాడక పోయింది," అన్నాడు. గొంతులో కోపం ఉంది, కానీ కోపమొక్కటే లేదు. "నా వల పీలికలైపోయింది. అది పోన్లెండి. మిగతా వలలోళ్ళు ఊరుకోరు బావగారూ. ఏ ఇంజను తగ్గినా వచ్చేస్తన్నాయంట. చేపల చెరువులోళ్ళు గట్టు మీద కరెంటు తీగ కడతావంటన్నారు. కడితే ఒక్కటి మిగలదండి."

సరంగుగారు కింద కూర్చుని ఆ జంతువు మెడ చుట్టూ ఉన్న దారాలు ఒక్కొక్కటే విడదీశారు. అంతా విడదీశాక మెడలో తుండు తీసి దాని మీద కప్పారు.

"చేపలు వెయ్యడం మానేస్తే సరి," అన్నాను నేను, తేలిగ్గా తేల్చేద్దామని.

"సరిపోదండి మాస్టారూ. ఇక్కడ పెట్టలేదని పక్కోడి దగ్గరికెళ్తారు కదండీ. ఇంజనంటే భయపడాలండి. మనిషంటే భయపడాలి."

ఆ మర్నాడు బోటు ఉంది. చెన్నై నుంచి ఒక కుటుంబం, హైదరాబాదు నుంచి ఇద్దరు దంపతులు. పొద్దున్నే సరంగుగారు ఒడ్డున మట్టిబెడ్డలు బుట్టకెత్తి స్టీరింగు దగ్గర పెట్టుకున్నారు. పక్కన ఖాళీ నూనె డబ్బా. "జనం లేనప్పుడు చెయ్యకూడదా ఈ పని?" అని మెల్లగా అడిగాను. "ఖాళీ పడవకి భయపడితే చాలదండి. నవ్వులూ పాటలూ ఇనపడ్డా భయపడాలండి," అన్నారు. దీని అర్థమేమిటో ఆయనకి తెలుసు. జంతువులు కనబడకపోతే బోటు ఒడ్డెక్కుతుంది, తను మస్కట్ విమానం ఎక్కుతారు.

మలుపు వచ్చింది. ఎప్పటిలాగే ఇంజను తగ్గించారు. తలలు లేచాయి. తల్లి లేదు కదా, కొంచెం తడబడుతూ వచ్చాయి, అయినా వచ్చాయి. వరండాలో ఫోనులన్నీ పైకి లేచాయి. టైరు మీద ఎక్కే ఆ పిల్ల అలవాటు ప్రకారం ఎక్కి, ముందరి కాళ్ళు చెక్క మీద ఆనించి ఆయన వైపు చూసింది.

సరంగుగారు రెంచీతో డబ్బా మీద బాదారు. అన్నీ మునిగి కాస్త దూరాన తేలి మళ్ళీ చూశాయి. ఆయన బెడ్డ తీసి విసిరారు. ఇంకొకటి. "పొండి. సిగ్గులేదా మీకు? ఎవరు పిలిచేరు మిమ్మల్ని? ఎవరు రమ్మన్నారు?" అని అరవడం మొదలుపెట్టారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మా వైపు మనిషి ఇంకో మనిషిని అనగలిగిన మాటల్లో అంతకన్న ఘోరమైనది లేదు. పిలిచి, పెట్టి, ఎవరు పిలిచారని అడగడం.

పెద్దవి వెళ్ళిపోయాయి. ఆ పిల్ల మాత్రం ఇదేదో ఆట అనుకుందేమో, మునిగి బోటు పక్కనే లేచింది. ఆయన చేతిలో బెడ్డ పట్టుకుని కాసేపు ఆగారు. తర్వాత విసిరారు. మూతి మీద తగిలింది. కీచుమని అరిచి మునిగిపోయింది.

"ఏంటండీ మీరు? వాటిని చూడ్డానికే కదా ఇంత దూరం వచ్చాం," అంది హైదరాబాదావిడ, ఏడుపు గొంతుతో.

"ఆయ్. తప్పేనండి," అని, చేతులు కడుక్కుని, "భోజనానికి లేవండమ్మా," అన్నారు. ఎవరూ లేవలేదు.

ఆ వారం మేమెన్నిసార్లు వెళ్తే అన్నిసార్లూ ఇదే జరిగింది. ఆ పిల్ల చిట్టచివరిదాకా వచ్చింది. అది రాని రోజు ఆయన బుట్టలో మిగిలిన మట్టి గోదాట్లో గుమ్మరించి, డబ్బా వంటవాడికిచ్చేశారు. ఆయన డబ్బా బాదుతూ అరుస్తున్న వీడియో ఈలోగా ఊరంతా తిరిగింది. మా శిష్యుడు పరుగున వచ్చాడు. "మతిపోయిందాండీ సరంగుగారూ?" అని అడిగితే ఆయన ఆయ్ అన్నారు. జరిగింది నేను విడమరిచి చెప్పాను. వాడు తల వంచుకుని విన్నాడు. "ఆయన చేసింది రైటే మాస్టారూ. కాదన్ను. కానీ నేను బోటు పెట్టింది జంతువుల్ని తరమడానిక్కాదు కదండీ," అన్నాడు. వాణ్ణీ తప్పుపట్టలేను. బోటు దిండి ఊరి వైపు తీసుకెళ్ళి ఒడ్డున కట్టేశారు. మా ఆవిడకి నేను మళ్ళీ దొరికాను.

సరంగుగారు మస్కట్ వెళ్ళిపోయారు. వెళ్ళేముందు మా ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడే, "వెళ్ళొస్తానండి," అన్నారు. భోజనం చేసి వెళ్ళమని మా ఆవిడ ఎంత చెప్పినా కూర్చోలేదు. పెడతామంటే తినకుండా వెళ్ళిపోవడం ఆయన స్వభావం కాదు. నాకది బాధగానే తోచింది.

తర్వాత కొన్నేళ్ళు కబుర్లు లేవు. ఆమధ్య గుండె బాగాలేదని తిరిగొచ్చేశారని విన్నాను. ఓరోజు ఆయనే ఫోను చేసి, "మాస్టారండీ, మా బావమరిది పడవుంది. ఓసారి అటెళ్ళొద్దామాండీ?" అన్నారు. వెళ్ళాను. మనిషి సగమైపోయారు. పడవ ముందు భాగంలో, కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. నీళ్ళు నిండుగా ఉన్నాయి. మలుపు దగ్గర, "ఇంజను తగ్గించవయ్యా," అన్నారు.

బావమరిది తగ్గించాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత అవతలి ఒడ్డు దగ్గర రెండు తలలు లేచాయి. ఒక్క క్షణం మావైపు చూశాయి. అంతే, మునిగాయి. ఇంకాస్త పైన బురద మీద ఎండ కాచుకుంటున్న మరో నాలుగు లేచి, ఒకదాన్నొకటి తోసుకుంటూ వేళ్ళ సందుల్లోకి పరుగెత్తాయి.

"ఇంతేనండి బావగారూ. ఏ పడవన్నా ఇంతే. వలల జోలికి రావడం మానేసేయి. కరెంటు తీగ కూడా కట్టలేదండి చెరువుల మీద," అన్నాడు బావమరిది. ఆయనకి ఆ మాట చెప్పడానికే తీసుకొచ్చాడనుకుంటాను.

సరంగుగారు వేళ్ళ వైపే చూస్తున్నారు. "ఈళ్ళు చిన్నోళ్ళండి మాస్టారూ. నేను కొట్టిన నాటికి పుట్టి కూడా ఉండరండి," అన్నారు.

"అవును," అన్నాను.

"అంటే ఆళ్ళు పిల్లలకి చెప్పుకున్నారండి."

"ఏమని చెప్పుకున్నారంటారు?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"పిలిచినా వెళ్ళొద్దని చెప్పుంటారండి," అని, కళ్ళు తుడుచుకుని, బావమరిదిని పడవ తిప్పెయ్యమన్నారు.